వాయులీన వాదనమున స్థితి గతులు

వాయులీనము బరువైన వాద్యము కాదు. కొయ్య పెట్టె, మెడ, బిరడలు, తీగలు అన్నియు కలిసినను అర కిలోగ్రామునకు మించుట అరుదు. కమాను బరువు సుమారు 60 గ్రాములు. దానిని పట్టు మనుష్యుని తల యొక్కటియే దాదాపు 5 కిలోగ్రాములు తూగును. ఆ తలను ఊహ తెలిసినది మొదలు మోయుచున్నను ఎవ్వరికిని అది భారమని తోచదు. అట్టిచో అందులో పదియవ వంతు బరువుగల వస్తువును చేతబట్టిన కొలది కాలమునకే ఎందరికో మెడలు పట్టివేయుటయు, భుజములు నొచ్చుటయు, మణికట్టులు వాచుటయు, కొందరు విద్యనే విడిచిపెట్టుటయు ఎందువలన జరుగుచున్నది? వాద్యము వారిని బాధించుచున్నదా, లేక వాద్యమను మిషతో వారే తమ్ము తాము బాధించుకొనుచున్నారా?

ఇది వైద్యుల కప్పగింపదగిన ప్రశ్నవలె కనబడును. కొంతవరకు వారిదే. కాని నొప్పి మానిన పిదపను మిగిలియుండు భాగము వేరొకటి కలదు. తన దేహమును తాను ఎట్లు వాడుకొనవలెను, తన చేష్టలో తనకు తెలిసినదెంత, తెలియనిదెంత, తప్పును ఒప్పని నమ్మినవాడు దానిని దిద్దుకొనుట ఎట్లు అను విషయములు మందులకు లోబడునవి కావు. అవి నడవడికి సంబంధించినవి. నడక, నడవడి అను రెండు మాటలును తెలుగున ఒకే ధాతువునుండి పుట్టినవని విజ్ఞులు ఎరుగుదురు.

సామాన్యముగా గురువు మొదట కూర్చుండు విధమును, పిమ్మట చేయి నడుపు విధమును నేర్పును. దీనివలన స్థితి వేరు, గతి వేరు అను భావము శిష్యుని మనస్సున నాటుకొనును. స్థితి యనగా బిగిసి కదలకుండుట యని అతడు తలచును. ప్రాణమున్న దేహమునకు అట్టి స్థితి లేదు. నిశ్చలముగ నిలుచున్నాననుకొనువాని రొమ్ము ఊపిరితో లేచి పడుచునే యుండును. అరికాళ్ళపై భారము అటునిటు మారుచునే యుండును. బొంగరము తిరుగుచున్నంతసేపే నిలుచును, తిరుగుట మానిన క్షణమున ఒరిగిపోవును. ఇంకను దగ్గరి ఉదాహరణము కావలెనన్న, చెరువునుండి తలపై నీటి బిందెతో వచ్చు స్త్రీని చూడవలెను. ఆమె తల కదలదు, బిందెలోని నీరు తొణకదు. కాని నడుము, తుంటి, మోకాళ్ళు, పాదములు అడుగడుగునకు కదలుచునే యున్నవి. ఆ కదలికయే తలను నిలుపుచున్నది. తలను నిలుపవలెనని ఆమె ఒడలంతయు బిగబట్టినచో నాలుగడుగులలో రవికె తడిసిపోవును. ఇంతలో ప్రక్కనున్న ఆమెతో కోడలి ముచ్చట్లు చెప్పుకొనుటకును ఆమెకు తీరిక యున్నది.

వాద్యమును పట్టు విధమున ఇదియే సరి యని శాసింపదగిన ఆసనము లోకమున ఎచ్చటను లేదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడైన బాలుస్వామి దీక్షితులు సుమారు రెండువందల యేండ్ల క్రిందట ఈ ఐరోపా వాద్యమును కర్ణాటక సంగీతమునకు తెచ్చిన ఆద్యులలో ముఖ్యుడు. తంజావూరు సోదరులలో నొకడైన వడివేలునకు తిరువాన్కూరు ప్రభువు స్వాతి తిరునాళ్ 1834లో దంతపు వాయులీనమును బహూకరించెను. వాద్యము మారలేదు, తీగలు నాలుగే. మారినది కూర్చుండు తీరు. ఐరోపావాడు నిలుచుండియో కుర్చీపై కూర్చుండియో, వాద్యమును భుజముపై అడ్డముగ నుంచి గడ్డముతో అదుముకొనును. మన వాదకుడు నేలపై బాసిపట్టు వేసికొని, వాద్యపు అడుగు భాగమును ఎడమ భుజమునకును రొమ్మునకును ఆనించి, కొన చుట్టను కుడి పాదపు చీలమండపై నిలుపును. మొరాకో దేశపు విద్వాంసులు అదే వాద్యమును తొడపై నిలువుగ నుంచి వాయింతురు. వీరిలో ఒకరిది సంగీతమనియు తక్కినవారిది అపచారమనియు చెప్పుటకు ఎవరికిని అధికారము లేదు.

మన పద్ధతిలోని మర్మము గమనింపదగినది. వాద్యపు బరువు ఒక ప్రక్క భుజమునకును, ఒక ప్రక్క పాదము ద్వారా నేలకును చేరుచున్నది. ఎడమచేయి దేనిని మోయనక్కరలేదు. మోయనక్కరలేని చేయి గనుకనే అది తీగపై పైకిని క్రిందికిని నిరాటంకముగ జారగలదు. జారు, కంపితము మొదలగు గమకములు గాయకుని కంఠమునకు దీటుగ పలుకుటకు ఆ స్వేచ్ఛయే ఆధారము. ఐరోపాలో ఈ స్వేచ్ఛకై వేరు మార్గమును వెదకవలసి వచ్చెను. 1751లో జెమినియాని తన గ్రంథమున వాద్యమును మెడయెముక క్రింద ఆనించుమని చెప్పెను. 1756లో మహావిద్వాంసుడైన మొజార్టునకు తండ్రి యగు లియొపోల్డ్ మొజార్ట్ రెండు పద్ధతులను వివరించి, మొదటిది చూపునకు సొగసైనదైనను వాదనమునకు ఇబ్బంది గలదని వ్రాసెను. చూపునకు సొగసు, పనికి ఇబ్బంది! ఈ విచక్షణ ఆనాడే కలిగియుండుట మెచ్చదగినది. 1820 ప్రాంతమున స్పోర్ అను జర్మన్ విద్వాంసుడు గడ్డము ఆనించుటకై చిన్న చెక్కను కనిపెట్టెను. దానితో ఎడమచేతికి విడుదల కలిగెను. కాని ఆ చేయి విడిచిన భారము మెడ నెత్తికి వచ్చినది. చేతి సంకెలను విప్పి మెడకు తగిలించిరనుట అతిశయోక్తి యే గాని అసత్యము కాదు.

అట్లని మన ఆసనము నిర్దోషమని మురిసిపోనక్కరలేదు. మూడు గంటల కచేరీలో కాళ్ళు తిమ్మిరెక్కుట, నడుము గూనువలె వంగుట, ఎడమ భుజము క్రమముగ క్రిందికి దిగుట, కమాను చేయి మోకాలి కడ్డుపడి కురచయగుట ఎల్లరును ఎరిగినవే. కురచ కమాను వలన నాదము సన్నబడును. ద్వారం వేంకటస్వామి నాయుడు సాధించిన ఘనత ఈ సందర్భముననే స్పష్టమగును. 1893లో జన్మించిన ఆయనకు చిన్ననాటినుండియు చూపు మందము. విజయనగరమున 1919లో సంగీత కళాశాల వెలసినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షతన ఆయన వాయులీనాచార్యుడై, 1936లో తానే అధ్యక్షుడయ్యెను. ఆయన ఐరోపావారి కమాను విద్యను శ్రద్ధతో పరిశీలించి, నేలపై కూర్చుండియే కమానును నిడుపుగ, నిండుగ నడపెను. పక్కవాద్యముగ నుండిన వాయులీనము ఒంటరిగ సభను నిలుపగలదని లోకము ఒప్పుకొనుటకు ఆ నాదమే కారణము. అందులో ఆయన ఆసనమును మార్చలేదు, ఆసనములోని కదలికను మార్చెను.

ఇంతవరకు చెప్పినది దేహమునకు వెలుపలి సంగతి. చిక్కు లోపల నున్నది.

ఫ్రెడరిక్ మథయాస్ అలెగ్జాండర్ అను నతడు 1869లో ఆస్ట్రేలియాకు చెందిన టాస్మేనియా ద్వీపమున పుట్టెను. వృత్తి రంగస్థలమున పద్యములను, నాటక ఘట్టములను చదువుట. కొంతకాలమునకు చదువుచుండగనే గొంతు బొంగురుపోవుట ఆరంభమయ్యెను. వైద్యులు చూచి కంఠమున రోగము లేదనిరి. మాటలాడునపుడు లేని బొంగురు చదువునపుడు వచ్చుచున్నది గనుక, చదువునపుడు తానేదో చేయుచుండవలెనని అతడు తర్కించి, అద్దమెదుట నిలుచుండి తన్ను తాను చూచుకొనెను. పద్యమెత్తుకొన్న తోడనే తన తల వెనుకకు లాగబడుచున్నది, కంఠనాళము క్రిందికి అణగుచున్నది, ఊపిరి నోటితో చప్పుడుగ పీల్చబడుచున్నది. తప్పు దొరికినది, ఇక దిద్దుకొనుటయే గదా యని అతడు తలను ముందునకు పెట్టి చదువ నారంభించెను. పెట్టితిననియే అతనికి తోచెను. అద్దమున చూడగా తల మునుపటివలెనే, ఇంకను ఎక్కువగ వెనుకకే పోవుచుండెను!

ఈ చిన్న సంఘటన సామాన్యమైనది కాదు. ‘నాకట్లు తోచినది’ అను ప్రమాణము ఇచ్చట కూలిపోయినది. ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అని మన శాస్త్రకారులు ప్రమాణములను విచారించిరి. త్రాడును పామని భ్రమించుట కంటికి కలుగు పొరపాటు, దీపము తెచ్చిన తొలగును. కాని తన మెడ ఎటు తిరిగియున్నదో తనకే తెలియనిచో ఏ దీపమును తేవలెను? అలవాటైన వంకర సూటిగ తోచును. సూటిగ నున్నది వంకరగ తోచును. కనుక తనకు ‘సరి’ యని తోచినదానిని చేసికొనుచు పోవువాడు ఎంత శ్రమించిన అంత తప్పును గట్టిపరచుకొనును. దినమునకు ఆరు గంటల సాధన, రెండు గంటల సాధనకంటె మూడురెట్లు హాని చేయవచ్చును.

అలెగ్జాండర్ ఏండ్ల తరబడి పరిశీలించి కనుగొనిన ఉపాయము వినుటకు చప్పగ నుండును. పద్యము చదువవలెనను తలంపు కలిగిన తోడనే చదువక ఆగుట. ఆ ఆగుటలో పాత బిగువు మేల్కొనకుండ చూచుకొనుట. పిదప చదువవచ్చును, చదువకయు నుండవచ్చును, చేయి ఎత్తవచ్చును. ఫలమునకై తటాలున ఉరుకుటయే అన్ని తప్పులకును మూలమని అతడు నిశ్చయించెను. 1904లో లండనునకు పోయి ఈ విద్యను బోధించుచు 1955లో మరణించెను. 1932లో వెలువడిన అతని గ్రంథమునకు అమెరికా తత్త్వవేత్త జాన్ డ్యూయీ పీఠిక వ్రాసెను. డ్యూయీ అంతకు పదియేండ్ల ముందే, 1922లో, మానవ స్వభావమునుగూర్చి వ్రాసిన గ్రంథమున వంగి నిలుచువానిని నిటారుగ నిలువుమనుట వలన ప్రయోజనము లేదని వాదించియుండెను. కోరిక యొక్కటే చాలునని నమ్ముట మంత్రముతో పని జరుగునని నమ్ముటవంటిదే యని అతని తాత్పర్యము. ఫలాపేక్షను గూర్చి గీత చెప్పినదియు నిదియే గదా యని కొందరు సంతోషింతురు. పోలిక కొంత కలదు, పూర్తిగ లేదు. అచ్చట విడువవలసినది ఫలముపై ఆసక్తి. ఇచ్చట విడువవలసినది ఫలమును అందుకొనుటకు దేహము చేయు తొందర. ఆసక్తి లేనివానికిని మెడ బిగియవచ్చును.

మరియొకని కథ ఇంతకంటె కష్టమైన ప్రశ్నను లేవదీయును. యెహూది మెనూహిన్ 1916లో అమెరికాలో జన్మించి, 1929లో పదమూడేండ్లయిన నిండక మునుపే బెర్లినులో ఒకే సభయందు బాఖ్, బీథోవెన్, బ్రామ్స్ విద్వాంసుల మూడు మహారచనలను వాయించెను. పెద్దలు కన్నీరు విడిచిరి. ఆ కాలముననే వృద్ధ విద్వాంసుడు ఇజాయీ ఆ బాలుని వాదనము విని, పిమ్మట ఒక సామాన్య స్వరావళిని వాయింపుమని అడుగగా బాలుడు తడబడెను. మహారచన వచ్చును, సరళీవరుస రాదు! చేయి చేయుచున్నది గాని ఎట్లు చేయుచున్నదో చేయించువానికి తెలియదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనికుల కొరకు అతడు ఐదువందలకు పైగా కచేరీలు చేసెను. అలసటయో, వయస్సో, స్వభావసిద్ధమైన ఆ సౌలభ్యము క్రమముగ జారిపోయెను. కమాను వణకసాగెను. పోయినదానిని వెదకుటకు అతనికి దారి తెలియదు; ఏలనన అది ఏ దారిన వచ్చినదో ఎన్నడును చూడలేదు.

1952లో అతడు భారతదేశమునకు వచ్చినప్పుడు బొంబాయిలో బి.కె.ఎస్. అయ్యంగారును కలిసికొని యోగాసనములను అభ్యసింప నారంభించెను. తరువాత ఆయనను స్విట్జర్లాండునకు పిలిపించుకొనెను. 1966లో అయ్యంగారు యోగ గ్రంథమునకు ముందుమాట వ్రాసెను. దేహమున ఏ భాగము బిగిసియున్నదో, ఊపిరి ఎచ్చట ఆగుచున్నదో, ఒక వ్రేలి కదలికకు వెన్నెముక ఎట్లు తోడ్పడునో అను విషయములను అతడు నలుబదియవ యేటికి చేరువలో అక్షరాభ్యాసమువలె నేర్చుకొనెను. దానివలన బాల్యమునాటి వాదనము తిరిగివచ్చినదా? రాలేదనియే నిష్పక్షపాతులు చెప్పవలసియుండును. తరువాతి ధ్వనిముద్రణములలో కొన్నిట కమాను తొట్రుపాటు చెవికి తెలియుచునే యున్నది. కాని ఎనుబది దాటువరకు అతడు సంగీతమున జీవించి 1999లో మరణించెను. 1963లో పిల్లలకై పాఠశాలను స్థాపించెను. పోయినది వరము. వచ్చినది విద్య. వరమును ఇతరులకు పంచియిచ్చుట సాధ్యము కాదు.

ఇచ్చట ఒక ఆక్షేపము వచ్చును. తెలిసికొనుటవలననే కదా సౌలభ్యము చెడునది? ఏ కాలు ముందు వేయుదువని అడిగినచో జెర్రి నడువలేకపోవునను కథవంటిది. ఇది తేలికగ త్రోసిపుచ్చదగిన ఆక్షేపము కాదు. ఫ్రెంచి తత్త్వవేత్త మెర్లో-పాంతీ 1945లో ప్రకటించిన గ్రంథమున ఆర్గన్ వాదకుని ఉదాహరించెను. అలవాటులేని కొత్త వాద్యముముందు కూర్చున్న అతడు ఒక గంటసేపు మెట్లను, తొక్కుడు పలకలను తడవిచూచుకొని సభకు సిద్ధపడును. ఆ గంటలో అతడు ఏ మెట్టు ఎన్ని అంగుళముల దూరమున నున్నదో లెక్కపెట్టలేదు. ఇంటిలో కాపురమునకు వచ్చినవానివలె వాద్యములో నివసింప నేర్చుకొనెను. దేహమునకు తనదైన తెలివి యున్నదని అతని మతము. 1949లో గిల్బర్ట్ రైల్ అను ఆంగ్ల తత్త్వవేత్తయు, ఒక పనిని గూర్చి తెలియుట వేరు, పని తెలియుట వేరని విభజించెను. ఈ విభజనము సరియైనదే. కాని దేహపు తెలివి సైతము తప్పుదారి పట్టగలదని టాస్మేనియా నటుని అద్దము చూపినది. కావున జెర్రి కథలో లోపమున్నది: ఆ జెర్రికి కాళ్ళు సరిగనే నడచుచుండెను. కుంటుచున్న జెర్రి ఏమి చేయవలెనో కథ చెప్పదు.

గురువుల విషయము ఇంతకంటె సున్నితమైనది. ‘నిటారుగ కూర్చుండుము, మోచేయి వంచుము, వ్రేళ్ళు బిగింపకుము’ అను ఆజ్ఞ వినిన శిష్యునికి రెండు బిగువులు కలుగును: మునుపే యున్న తన బిగువు ఒకటి, ఆజ్ఞను నెరవేర్చవలెనను భయపు బిగువు మరియొకటి. మణికట్టుపై పేకబెత్తపు దెబ్బ తగిలినచో మూడవది చేరును. విశ్రాంతిగ నుండుమని గద్దించిన ఎవరు విశ్రమింపగలరు? అయినను నొప్పిని ఓర్చుకొనుటయే తపస్సని, నొప్పి లేనిచో సాధన జరుగలేదని నమ్మువారు నేటికిని కలరు. టోక్యో తంతివాద్య చతుష్టయమున ప్రథమ వాదకుడైన పీటర్ ఊంజన్ నరముల సంబంధమైన వ్యాధివలన చేతి వ్రేళ్ళు స్వాధీనము తప్పి 1995లో ఆ స్థానమును విడువవలసి వచ్చెను. పిదప వాద్యబృంద నిర్వాహకుడుగ జీవితమును మరల నిర్మించుకొనెను. అట్టి వ్యాధికి కారణములు పెక్కు, బిగువొక్కటియే కాదు. కాని పోయిన చేయి ఓర్పువలన రాదను మాట మాత్రము నిజము.

బుద్ధుని శిష్యుడైన సోణుని వృత్తాంతము ఇచ్చట జ్ఞప్తికి రాదగినది. సుకుమారముగ పెరిగిన ఆ ధనిక పుత్రుడు భిక్షువై, పాదములు చిట్లి నెత్తురు కారువరకు నడచుచు ధ్యానించెను. గృహస్థాశ్రమమున అతడు వీణ వాయించినవాడు. బుద్ధుడు అతని నెత్తురును గూర్చి గాక వీణ తీగలను గూర్చి ప్రశ్నించెను: మిక్కిలి బిగించిన, మిక్కిలి వదలించిన తీగ పలుకునా యని. పతంజలియు ఆసనమునకు స్థైర్యముతోపాటు సుఖమును లక్షణముగ చెప్పి, ప్రయత్నమును సడలించుటవలన అది సిద్ధించునని తెలిపెను. శరణులు శ్రమకు పెట్టిన పేరు కాయకము; కాయముతో చేయునది గనుక కాయకము. పని పూజ యైనచోట పనిముట్టైన కాయమును హింసించుట పూజాద్రవ్యమును పాడుచేయుటవంటిది కాదా? బసవేశ్వరుడు ఒక వచనమున తన దేహమునే వీణగా భావించుకొనెను. వీణను ప్రేమించువాడు దానిని గోడకు విసరికొట్టడు.

అయితే సుఖమను మాటకు సోమరితనము ముసుగు వేసికొనివచ్చు ప్రమాదము కలదు. బిగువు పూర్తిగ లేనిచో చేయి లేవనే లేవదు. ఇలినాయ్ విశ్వవిద్యాలయమున పిల్లల వాదనశిక్షణను పరిశోధించి 1974లో గ్రంథము వ్రాసిన పాల్ రోలండ్ కోరినది బిగువు లేకపోవుట కాదు, అక్కరకు మించిన బిగువు లేకపోవుట. మించినదని తెలియుట ఎట్లు? తన తోపు నమ్మదగినది కాదని ముందే తేలినది. అద్దము కంటికి తెలియునంతవరకే చూపును. గురువు ఎల్లప్పుడు వెంట నుండడు.

వాద్యమే కొంత చెప్పగలదు. కమాను వెండ్రుకలకు పూసిన గుగ్గిలము తీగను పట్టి కొంచెము లాగును, తీగ జారి వెనుకకు పోవును, మరల కమాను పట్టును. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ప్రకటించిన గ్రంథమున ఈ చలనమును వివరించెను. క్షణమునకు 440 కంపనములు గల తీగపై ఈ పట్టుట, విడుచుట 440 సార్లు జరుగును. చేయి అక్కరకు మించి అదిమినచో తీగకు విడుదల చాలక నాదము గీరుకొనిపోవును. అదుము చాలనిచో పట్టు దొరకక ఈలవలె తేలిపోవును. వాదకునికి ఆ రెంటి నడుమ ఉన్న చోటు ఇంతయని కొలతబద్ద చెప్పదు. అది కమాను వేగమునుబట్టి, తీగపై చోటునుబట్టి, గడియ గడియకు మారుచుండును. చెవి వినవలెను. భుజము బిగిసినవాని చెవియు కొంత మూసికొనియే యుండును గనుక, ఇదియు నిష్కంటకమైన దారి కాదు.

1970 తరువాతి తొలి యేండ్లలో మెనూహిన్ ఆరు పాఠముల వాయులీన బోధిని నొకదానిని ప్రకటించెను. అందు మొదటి పాఠమున వాద్యము లేదు. నిలుచుట, ఊపిరి తీయుట, చేతులను ఊపుట, శరీరపు తూనికను తెలిసికొనుట, ఇంతమాత్రమే యున్నది. మూడేండ్ల ప్రాయమున వాద్యమునకై మారాము చేసిన బాలుడు, పదమూడేండ్లు నిండకయే బెర్లినును జయించిన బాలుడు, ఏబది దాటిన పిదప వ్రాసిన పాఠమది. పిల్లవానికి నెల జీతము కట్టి పంపిన తండ్రి ఇంటికి వచ్చిన కుమారుని ‘ఈ దినమేమి నేర్చితివిరా?’ అని అడిగినపుడు, ‘నిలుచుట నేర్చితిని, నాన్నగారూ’ అని వాడు చెప్పినచో, ఆ తండ్రి మరునెల జీతమును పంపునో లేదో చెప్పలేము.